వైరస్ ఎంజైముతో మొండి బ్యాక్టీరియాకి మందు: మన ఐసీయూలకి పనికొచ్చేది ఎంత?

#1 మందులషాపు_ఖమ్మం

అందరికీ నమస్కారం. మా కెమిస్టుల గ్రూపులో ఒక వీడియో తెగ తిరుగుతోంది. వైరస్‌లోంచి తీసిన ఎంజైము చుక్క వేస్తే ఏ మందుకీ లొంగని బ్యాక్టీరియా సెకన్లలో పగిలిపోతుందట, ఇక యాంటీబయాటిక్స్ కాలం చెల్లిందట. కింద ఒకాయన "షాపులు మూసుకోండి" అని కామెంటు కూడా పెట్టాడు.

నేను బీఫార్మసీ చదివి చాలా ఏళ్లయింది. ఫేజ్ అంటే బ్యాక్టీరియాని పట్టే వైరస్ అన్నంతవరకే గుర్తుంది. ఇది నిజమేనా? నిజమైతే ఎక్కడైనా అమ్ముతున్నారా? అమ్మకపోతే అడ్డు ఏమిటి? సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ హెచ్1 రిజిస్టర్లో (చీటీ చూసే అమ్మాల్సిన మందుల పద్దు) రాసుకుంటూ కూర్చునేవాడికి అర్థమయ్యేలా చెప్పండి.

#2 గోడపగులు

నేను చేసే పని ఇదే (యూరప్‌లో, పోస్ట్‌డాక్). కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది, ముందే చెబుతున్నా.

సెకన్లలో అన్నమాట అబద్ధం కాదు. 2001లో న్యూయార్క్ రాకఫెల్లర్ యూనివర్సిటీలో విన్సెంట్ ఫిషెట్టి బృందం గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ మీద ఒక ఫేజ్ ఎంజైమును ప్రయోగించింది. 10 నానోగ్రాములు వేస్తే పరీక్షనాళికలో కోటి బ్యాక్టీరియా సెకన్లలో పోయాయి. మరుసటి ఏడాది, అంటే 2002లో, ఆంత్రాక్స్ బ్యాక్టీరియా మీద పనిచేసే ప్లైజీ అనే ఎంజైమును కూడా వాళ్లే ప్రకటించారు. అమెరికాలో ఉత్తరాల్లో ఆంత్రాక్స్ పొడి పెట్టి పంపిన గొడవ అప్పటికి ఇంకా చల్లారలేదు, అందుకని పేపర్లు బాగా రాశాయి.

జరిగేది ఇది. ఫేజ్ బ్యాక్టీరియాలో దూరి తన పిల్లల్ని వందల్లో తయారుచేయిస్తుంది. అవి బయటికి రావాలంటే గోడ కూలాలి. దానికి రెండు ప్రోటీన్లు వాడుతుంది. హోలిన్ లోపలి పొరకి చిల్లులు పెడుతుంది. ఆ చిల్లుల్లోంచి ఎండోలైసిన్ వెళ్లి పెప్టిడోగ్లైకాన్ అనే గోడని కోస్తుంది. బ్యాక్టీరియా లోపల ఒత్తిడి చాలా ఎక్కువ. స్టాఫైలోకాకస్ లాంటివాటిలో అది 20 అట్మాస్ఫియర్ల దాకా ఉంటుందని అంచనా. నిండుగా గాలి కొట్టిన లారీ టైరుకి బ్లేడు గాటు పెట్టినట్టు, ఒకచోట తెగితే చాలు, మిగతా పని ఆ ఒత్తిడే చూసుకుంటుంది.

ఫిషెట్టి చూసిన కిటుకు ఏమిటంటే, ఈ ఎంజైమును విడిగా తయారుచేసి బయటినుంచి పోసినా గోడ తెగుతుంది. అసలు ఫేజ్ అక్కర్లేదు.

ఇక ఇంజనీరింగ్ అనేది ఎక్కడ వస్తుందంటే, గ్రామ్ పాజిటివ్ (మందపాటి గోడ ఉండి, దానిమీద ఇంకో పొర లేని) బ్యాక్టీరియాకి పనిచేసే ఎండోలైసిన్లలో సాధారణంగా రెండు ముక్కలు ఉంటాయి. ఒకటి కోసేది, రెండోది గోడని గుర్తుపట్టి అతుక్కునేది. మధ్యలో చిన్న లంకె. ఒక ఫేజ్ నుంచి కోసే ముక్క, ఇంకోదాన్నుంచి అతుక్కునే ముక్క తెచ్చి జోడించవచ్చు. కలిపినది ఒక్కోసారి అసలువాటికన్నా బాగా పనిచేస్తుంది. చాలాసార్లు అసలు పనే చేయదు, అది వేరే కథ.

#3 మైక్రో_సెకండియర్

సర్, నేను బీఎస్సీ మైక్రోబయాలజీ సెకండియర్. పెన్సిలిన్ కూడా గోడ మీదే కదా పనిచేసేది. మరి దీనికీ దానికీ తేడా ఏంటి? దీనికి మాత్రం రెసిస్టెన్స్ రాదా?

#4 గోడపగులు

@మైక్రో_సెకండియర్ మంచి ప్రశ్న అమ్మా. పెన్సిలిన్ జాతి మందులు కొత్త గోడ కుట్టే పనిని ఆపుతాయి. కాబట్టి బ్యాక్టీరియా పెరుగుతూ ఉండాలి. నిద్రావస్థలో ఉన్నవాటికి, బయోఫిల్మ్ (బ్యాక్టీరియా గుంపుగా కట్టుకునే జిగురు పొర) అడుగున మత్తుగా పడి ఉన్నవాటికి అవి పెద్దగా అంటవు. లైసిన్ (ఎండోలైసిన్ లాంటి గోడ కోసే ఎంజైములని పొట్టిగా అలా అంటాం) అలా కాదు, ఉన్న గోడనే కోస్తుంది. అది నిద్రపోతోందా మేలుకుందా అన్నది చూడదు.

నిజానికి బ్యాక్టీరియా దగ్గర కూడా గోడ కోసే కత్తెరలు ఉంటాయి. కోయకపోతే అది పెరగలేదు, పాత గోడని తెరిచి కొత్త ముక్క అతకాలి కదా. ఈ సంగతి మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలోనే బాగా తేలింది. మంజులా రెడ్డి గారి బృందం 2012లో ఈ.కోలైలో మెప్‌ఎస్, మెప్‌ఎం, మెప్‌హెచ్ అనే మూడు ఎంజైములు ఈ పని చేస్తాయని, మూడూ లేకపోతే బ్యాక్టీరియా పెరగలేక చనిపోతుందని చూపించింది. ఆమెకి 2019లో ఇన్ఫోసిస్ ప్రైజ్ వచ్చింది. మీ సిలబస్‌లో లేకపోయినా వెతికి చదువు.

రెసిస్టెన్స్ సంగతి. లైసిన్లు అతుక్కునే చోటు గోడలో బ్యాక్టీరియాకి తప్పనిసరి అయిన భాగం. న్యుమోకాకస్‌కైతే కోలీన్. దాన్ని మార్చుకుంటే దానికే నష్టం. ల్యాబులో తక్కువ డోసులో పదేపదే పెంచినా చాలా లైసిన్లకి రెసిస్టెన్స్ కనిపించలేదు. "అసలు రాదు" అని మాత్రం అనను. లైసోస్టాఫిన్ అనే ఎంజైము ఉంది (ఇది ఫేజ్‌ది కాదు, ఇంకో స్టాఫైలోకాకస్ తయారుచేసేది). దానికి స్టాఫ్ ఆరియస్ రెసిస్టెన్స్ తెచ్చుకుంటుంది, గోడలోని గ్లైసిన్ వంతెన కట్టే తీరు మార్చుకుని. తమాషా ఏమిటంటే అలా మార్చుకున్న ఎంఆర్ఎస్ఏ (పెన్సిలిన్ జాతి మందులకి లొంగని స్టాఫ్ ఆరియస్) మళ్లీ పెన్సిలిన్ జాతి మందులకి లొంగిపోతుంది.

#5 ఐసీయూ_నైట్‌డ్యూటీ

వైజాగ్‌లో క్రిటికల్ కేర్ చూస్తాను. ఇందాకటి నుంచి చదువుతున్నాను, అంతా బాగుంది కానీ నాకో పేచీ ఉంది తమ్ముడూ.

నువ్వు చెప్పినవన్నీ స్ట్రెప్టో, స్టాఫ్, ఆంత్రాక్స్, న్యుమోకాకస్. అన్నీ గ్రామ్ పాజిటివ్. నా వార్డులో మనుషుల్ని తీసుకుపోయేవి అవి కావు. క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్, సూడోమోనాస్, ఈ.కోలై. కల్చర్ రిపోర్టు వస్తే మెరోపెనెమ్ లాంటి గట్టి మందు దగ్గర కూడా 'ఆర్' (రెసిస్టెంట్, అంటే లొంగదు) అని ఉంటుంది. ఆ తర్వాత మిగిలేది కోలిస్టిన్, లేదా ఎక్కువ ఖరీదు పెట్టగలిగినవాళ్లకి కొత్త కాంబినేషన్లు. కోలిస్టిన్ ఎక్కిస్తూ రోజూ క్రియాటినిన్ చూసుకుంటూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఈ పని చేసినవాళ్లకే తెలుసు. ఇన్ఫెక్షన్ తగ్గేలోపు కిడ్నీ పోతుందేమోనని భయం.

ఎంఆర్ఎస్ఏ మా దగ్గర లేదని కాదు. కానీ దానికి వాంకోమైసిన్, లినెజోలిడ్, డాప్టోమైసిన్ ఉన్నాయి. అమెరికావాళ్లకి ఎంఆర్ఎస్ఏ పెద్ద గొడవ కాబట్టి వాళ్లు దాని మీద డబ్బు పెట్టారు. మన గొడవ వేరు. ఈ లైసిన్లు క్లెబ్సియెల్లాని ముట్టుకోగలవా? అది చెప్పు.

#6 గోడపగులు

అక్కా, మీరు సరిగ్గా నొప్పి ఉన్నచోటే నొక్కారు.

గ్రామ్ నెగటివ్‌కి పెప్టిడోగ్లైకాన్ గోడ పలుచగా ఉంటుంది, కోయడం తేలికే. కానీ దానిమీద ఇంకో పొర ఉంది, బయటి మెంబ్రేన్. దాని పై వరుసంతా లైపోపాలీసాకరైడ్ (కొవ్వుకి చక్కెర గొలుసులు తగిలిన అణువులు). మెగ్నీషియం, కాల్షియం అయాన్లు ఆ వరుసని గట్టిగా పట్టి ఉంచుతాయి. ఫేజ్ లోపలినుంచి వస్తుంది కాబట్టి దానికి ఈ పొర బాధ లేదు. మనం బయటినుంచి పోస్తాం, కాబట్టి ఎంజైము గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ల్యాబులో ఈడీటీఏ వేసి ఆ అయాన్లని లాగేస్తే చక్కగా లోపలికి పోతుంది. పేషెంటుకి అంత ఈడీటీఏ ఎక్కించలేం కదా.

అందుకని బెల్జియంలో ఈవ్ బ్రియర్స్, రాబ్ లావీన్ బృందం ఒక ఉపాయం చేసింది. ఎంజైముకి ముందు ఒక చిన్న పెప్టైడు తగిలించారు. ఆ పెప్టైడుకి పాజిటివ్ చార్జి ఎక్కువ, పొరని చెదరగొట్టి ఎంజైముని లోపలికి తోస్తుంది. వీటికి ఆర్టిలైసిన్లు అని పేరు పెట్టారు. ఆర్ట్-175 అనేది వాటిలో పేరున్నది. ఫైకేజెడ్ అనే రాక్షసి ఫేజ్ ఎండోలైసిన్‌కి, గొర్రె రోగనిరోధక కణాల్లో దొరికే 29 అమైనో ఆమ్లాల స్మాప్-29 పెప్టైడుని అతికించారు. 2014లో వచ్చిన పేపరు అది. మందులకి లొంగని సూడోమోనాస్‌ని, అందులో నిద్రావస్థలో ఉండే కణాలని కూడా చంపింది.

తర్వాత ఘెంట్ యూనివర్సిటీలో బ్రియర్స్ బృందం వెర్సటైల్ అనే పద్ధతి తెచ్చింది. పెప్టైడులు, లంకెలు, గోడని పట్టేవి, కోసేవి, అన్నిటినీ డీఎన్ఏ ముక్కలుగా పెట్టుకుని ఇష్టం వచ్చినట్టు కలపడం. 2020 పేపరులో దాదాపు 10,000 రకాలు కట్టి, వడబోసి, అసినెటోబాక్టర్ మీద పనిచేసే ఒకదాన్ని పట్టుకున్నారు. అది మనిషి రక్తపు సీరంలో కూడా పనిచేసింది, కాల్చిన పందిచర్మం మీద కూడా.

"సీరంలో కూడా" అన్నమాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ అసలు కష్టమంతా అక్కడే. బఫరులో (ల్యాబులో వాడే, పీహెచ్ మారని ద్రావణం) అద్భుతంగా చంపే ఎంజైము సీరం కలపగానే మొద్దుబారిపోవడం మా ఫీల్డులో రోజూ చూసేదే. సీరంలోని ఉప్పులు, ప్రోటీన్లు దాన్ని పనిచేయనివ్వవు.

క్లెబ్సియెల్లాకి ఇంకో బాధ ఉంది, దాని మందపాటి క్యాప్సూల్ (కణాన్ని బయట కప్పి ఉంచే జిగురు తొడుగు). దాని మీద పని జరుగుతోంది కానీ అసినెటోబాక్టర్ అంత ముందుకి పోలేదు.

#7 ఐసీయూ_నైట్‌డ్యూటీ

కోలిస్టిన్ కూడా ఆ లైపోపాలీసాకరైడ్‌నే చెదరగొడుతుంది కదా. తక్కువ కోలిస్టిన్‌తో తలుపు తెరిచి లైసిన్‌ని లోపలికి పంపితే? కిడ్నీకి భారం తగ్గుతుంది.

#8 గోడపగులు

అదీ ఇప్పటికే ప్రయత్నించి చూశారు అక్కా. ల్యాబులో అసినెటోబాక్టర్ మీద ఆ రెండూ కలిస్తే ఒకదానికొకటి బలం ఇస్తాయని పేపర్లు ఉన్నాయి. మనుషుల్లో ఎవరూ చూడలేదు. పైగా కోలిస్టిన్‌కే రెసిస్టెన్స్ వచ్చిన స్ట్రెయిన్లలో ఆ పొర మీది చార్జి మారిపోయి ఉంటుంది. మీకు మందు బాగా అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే.

#9 ట్రయల్_లెక్కలు

న్యూజెర్సీ నుంచి. క్లినికల్ ట్రయల్స్‌లో స్టాటిస్టిక్స్ చేస్తాను, బయాలజీ తక్కువ. మందులషాపు గారు "అడ్డు ఏమిటి" అని అడిగారు. పరీక్షనాళిక దాటి మనుషుల దాకా అన్నిటికన్నా దూరం వెళ్లినదాని లెక్కలు పెడతాను, మీరే చూసుకోండి.

మందు పేరు ఎక్సెబకేస్. స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే పందుల బ్యాక్టీరియాలో దాక్కున్న ఫేజ్ నుంచి తీశారు, కానీ స్టాఫ్ ఆరియస్‌ని బాగా కోస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని కాంట్రాఫెక్ట్ అనే కంపెనీది. స్టాఫ్ రక్తంలోకి చేరిన పేషెంట్లకి మామూలు యాంటీబయాటిక్స్ ఇస్తూ, దానికి తోడు ఒకే ఒక్క డోసు నరంలోకి.

రెండో దశ ట్రయల్: 116 మంది. మొత్తంగా 14వ రోజుకి మెరుగైనవాళ్లు ఎక్సెబకేస్ వైపు 70.4 శాతం, యాంటీబయాటిక్స్ మాత్రమే తీసుకున్నవైపు 60 శాతం. ఇది పెద్ద తేడా కాదు. కానీ ఎంఆర్ఎస్ఏ ఉన్నవాళ్లని మాత్రం విడదీస్తే 74.1 శాతానికి 31.3 శాతం. ఆహా అన్నారందరూ. 2020లో ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) దీనికి బ్రేక్‌త్రూ హోదా, అంటే పని త్వరగా సాగేలా ప్రత్యేక గుర్తింపు, ఇచ్చింది.

ఇప్పుడు ఆ శాతాలని మనుషులుగా మార్చండి. 27 మందిలో 20, 16 మందిలో 5. పదహారు మంది! ఆ పదహారులో నలుగురు అటూ ఇటూ అయినా కథ మారిపోతుంది.

మూడో దశ, డిస్‌రప్ట్ ట్రయల్: 2022 జులైలో మధ్యలో లెక్క చూసి, ఇక కొనసాగించి లాభం లేదని ఆపేశారు. ఎంఆర్ఎస్ఏ వాళ్లలో ఎక్సెబకేస్ వైపు 64 మందిలో 32, అంటే 50 శాతం. యాంటీబయాటిక్స్ మాత్రమే తీసుకున్నవైపు 33 మందిలో 20, 60.6 శాతం. 2023 డిసెంబరులో కంపెనీ దివాలాకి వెళ్లింది.

మందు పుచ్చుకున్నవాళ్లది 74 నుంచి 50కి దిగింది సరే, నా కన్ను రెండో అంకె మీద పడింది. పోల్చడానికి పెట్టిన గుంపు 31 నుంచి 60కి ఎక్కింది. అంటే రెండో దశలో మందు అంత గొప్పగా కనిపించడానికి సగం కారణం, అవతలి పదహారు మంది మామూలుకన్నా బాగా లేకపోవడం.

#10 సందేహం_సుబ్బయ్య

అయితే ఇంకేం, బుడగ పేలినట్టే. రాకఫెల్లరు సెకన్లు, కోట్లు అన్నీ ఎలకల దగ్గరే ఆగిపోయాయి. యూట్యూబు వాళ్లకి తప్ప ఎవరికి లాభం?

#11 ట్రయల్_లెక్కలు

సుబ్బయ్య గారూ, అలా అనలేదు. ఆ ట్రయల్ అడిగిన ప్రశ్నకి జవాబు "కాదు" అని వచ్చింది. ప్రశ్న ఏమిటి: మంచి యాంటీబయాటిక్ ఇప్పటికే పనిచేస్తున్న పేషెంటుకి ఒక్క డోసు లైసిన్ కలిపితే 14వ రోజుకి అదనంగా కనిపించేంత మేలు ఉంటుందా? లైసిన్ మనిషిలో బ్యాక్టీరియాని చంపదు అని ఆ ట్రయల్ చెప్పలేదు. అది వేరే ప్రశ్న, దాన్ని వేరేగా అడగాలి.

#12 ఐసీయూ_నైట్‌డ్యూటీ

వైద్యురాలిగా నా మాట. రక్తంలో స్టాఫ్ అంటే ఒక జబ్బు కాదు, పది జబ్బులు. ఒకడికి గుండె కవాటం మీద గడ్డ, ఇంకొకడికి వెన్నెముకలో చీము, మరొకామెకి డయాలసిస్ లైనులో ఇన్ఫెక్షన్. లైను తీసేస్తే మూడోరోజుకి తేరుకునేవాళ్లూ, కవాటం మార్చకపోతే బతకనివాళ్లూ ఒకే గుంపులో ఉంటారు. ఎంజైము చీముగడ్డలోకి దూరిందా లేదా ఎవరికి తెలుసు? అది ప్రోటీను, కిడ్నీలోంచి పోతుంది, ప్రోటియేజులు (ప్రోటీన్లని కోసే ఎంజైములు) తింటాయి. ఒక్క డోసు అన్నది నాకు ముందునుంచీ అర్థం కాని విషయం.

నన్నడిగితే మొదట రక్తం దగ్గరికి పోకూడదు. కాలిన గాయాలు, డయాబెటిక్ ఫుట్, వెంటిలేటర్ న్యుమోనియాకి నెబ్యులైజర్‌లో, కృత్రిమ కీలు మీద బయోఫిల్మ్. ఎంజైముని నేరుగా చోటు మీద పెట్టగలిగే జబ్బులు. మా కాలిన గాయాల వార్డులో అసినెటోబాక్టర్ రాజ్యం. అక్కడ పూసేది ఒకటి ఇచ్చినా చాలు, రేపే వాడతాను.

#13 గోడపగులు

అక్క చెప్పినదానికే ఓటు. చర్మం మీద వాడేది యూరప్‌లో అమ్ముతున్నారు కూడా. నెదర్లాండ్స్ కంపెనీ మైక్రియోస్ స్టాఫెఫెక్ట్ అనే ఇంజనీర్డ్ ఎండోలైసిన్‌ని గ్లాడ్‌స్కిన్ పేరుతో క్రీముగా పెట్టింది. మందుగా కాదు. ఎగ్జిమా ఉన్నవాళ్లలో స్టిరాయిడ్ వాడకం తగ్గుతుందేమోనని చేసిన ట్రయల్‌లో తేడా కనిపించలేదు, అదీ చెప్పాలి. మందులషాపు గారూ, మీ రెండో ప్రశ్నకి జవాబు ఇదే. నరంలోకి ఎక్కించే లైసిన్ మందుకి ఏ దేశంలోనూ అనుమతి రాలేదు.

మన దేశంలో కూడా పని జరిగింది. బెంగళూరులో 2000లో మొదలైన గంగాజెన్ అనే కంపెనీ పీ128 తయారుచేసింది. ఫేజ్ కే అనే స్టాఫ్ ఫేజ్ తోకలో, బయటినుంచి గోడకి రంధ్రం పెట్టే ఎంజైము ఉంటుంది. దాని కోసే ముక్కకి, ఇందాక చెప్పిన లైసోస్టాఫిన్ నుంచి గోడని పట్టుకునే ముక్క తెచ్చి అతికారు. అందరూ ఫేజ్ బయటికి వచ్చేటప్పుడు వాడే కత్తిని పట్టుకుంటే, వీళ్లు లోపలికి పోయేటప్పుడు వాడేదాన్ని పట్టుకున్నారు. ముక్కులో స్టాఫ్ పోగొట్టే జెల్‌గా మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లింది. నాకు ఆ డిజైను చాలా ఇష్టం.

#14 జలమే_ఔషధం

ఇవన్నీ మన పెద్దలకి ఎప్పుడో తెలుసు. గంగాజలం పాడవకపోవడానికి కారణం ఫేజులే. 1896లో ఇంగ్లీషువాడే ఒప్పుకున్నాడు. రోజూ రెండు చెంచాలు తాగితే ఏ ఎంజైమూ అక్కర్లేదు.

#15 మోడరేటర్

హ్యాంకిన్ 1896లో గంగ, యమున నీళ్లు కలరా క్రిమిని చంపడం గమనించింది నిజం. అందులో ఉన్నది ఏమిటో ఆయనకి తెలియదు, ఫేజులని 1915లో ట్వార్ట్, 1917లో డెరెల్ గుర్తించారు. నది నీళ్లు తాగమని సలహా ఇవ్వడం మాత్రం ఈ వేదికలో కుదరదు. ఆ దారి ఇక్కడితో ఆపుదాం.

#16 బల్క్‌డ్రగ్_బాబాయ్

పటాన్‌చెరులో, జీడిమెట్లలో ముప్పై ఏళ్లు ప్రొడక్షన్ చేసి రిటైరయ్యాను. పిల్లలందరూ సైన్సు చెబుతున్నారు, నేను డబ్బు చెబుతాను.

సిప్రోఫ్లాక్సాసిన్ అంటే రియాక్టరులో వండి డ్రమ్ముల్లో నింపుతాం. ఎంజైము అలా కాదు. ఈ.కోలైలో పెంచాలి, పగలగొట్టాలి, కాలమ్‌ల మీద శుద్ధి చేయాలి. ఇందులో ఎగతాళి ఏమిటంటే, ఈ.కోలై బయటి పొరలో ఉన్న ఎండోటాక్సినే రక్తంలోకి పోతే జ్వరం, షాకు. అంతా తీసేయాలి. తర్వాత కోల్డ్ చైను. మన పీహెచ్‌సీ ఫ్రిజ్జుల సంగతి తెలుసుగా.

ఎవరైనా శాంతా బయోటెక్నిక్స్ సంగతి ఎత్తుతారని నాకు తెలుసు, నేనే ఎత్తుతాను. 1997లో హైదరాబాదులో హెపటైటిస్ బి టీకాని మన దేశంలో మొదటిసారి రీకాంబినెంట్ పద్ధతిలో (జన్యువుని వేరే కణంలో పెట్టి ప్రోటీను చేయించడం) చేసి ధర నేలకి దించారు. గర్వంగానే ఉంటుంది. కానీ పెద్దవాళ్లకి ఆ టీకా డోసు 20 మైక్రోగ్రాములు. రెండో దశలో ఎక్సెబకేస్ డోసు కిలోకి 0.25 మిల్లీగ్రాము అని నాకు గుర్తు. అరవై కిలోల మనిషికి 15 మిల్లీగ్రాములు. టీకాకి 750 రెట్లు. అది ఒక్క డోసుకి. డాక్టరమ్మ అడిగినట్టు రోజూ ఎక్కిస్తే ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

అంత ఖర్చు పెట్టి చేసినా, "అత్యవసరానికి దాచిపెట్టండి, అందరికీ వాడకండి" అంటారు. సరైన మాటే. కానీ అమ్మకూడని సరుకుని ఎవడు తయారుచేస్తాడు? అకావోజెన్ అనే అమెరికన్ కంపెనీకి ప్లాజోమైసిన్ యాంటీబయాటిక్ అనుమతి 2018లో వచ్చింది, 2019లో కంపెనీ దివాలా. అది మామూలు రసాయనం, ఎంజైము కూడా కాదు.

#17 ఐసీయూ_నైట్‌డ్యూటీ

బాబాయ్, పటాన్‌చెరు పేరు మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నా. 2007లో స్వీడన్ వాళ్ల పేపరు వచ్చింది, అక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికిందని. నేను పేషెంటుకి పూర్తి డోసు ఇచ్చినా రక్తంలో అంత ఉండదు. ఒకవైపు వాగులో బ్యాక్టీరియాకి ట్రైనింగ్ ఇచ్చి, ఇంకోవైపు యూరప్‌లో తమ్ముడు దానికి విరుగుడు వెతకడం ఏం న్యాయం?

#18 బల్క్‌డ్రగ్_బాబాయ్

న్యాయం కాదు తల్లీ. ఆ పేపరు వచ్చినప్పుడు మావాళ్లు చాలామంది "విదేశీ కుట్ర" అన్నారు, నాకు ఆ మాట అప్పుడూ నచ్చలేదు. తర్వాత జీరో లిక్విడ్ డిశ్చార్జ్ (మురుగు చుక్క కూడా బయటికి వదలని ఏర్పాటు) అని చాలా కంపెనీలు పెట్టాయి. పెట్టినవాళ్లు పెట్టారు. రాత్రిపూట ట్యాంకర్ల కథలు వేరే చోట మాట్లాడుకుందాం.

కానీ ఒకటి, ఎంజైముకి ఈ విషయంలో మార్కులు ఇస్తాను. అది వాగులో కలిసినా ప్రోటీనే, మామూలుగా కుళ్లిపోతుంది. సిప్రో మాత్రం మట్టిలో చాలాకాలం అంటిపెట్టుకుని ఉంటుంది.

#19 పాడివైద్యం

ప్రకాశం జిల్లా, పశువైద్యం. ఆలస్యంగా చూశాను. మనుషుల గోల తర్వాత, నా దగ్గరికి రండి. ఈ ఎంజైము గేదె పొదుగులో పెడితే?

పొదుగువాపుకి మా చేతిలో ఉన్నది చనుమొనలోంచి ఎక్కించే యాంటీబయాటిక్ ట్యూబులు. స్టాఫ్ ఆరియస్ అయితే ఒకసారి తగ్గినట్టుండి మళ్లీ వస్తుంది. మందు వేసిన రోజుల పాలు కేంద్రంలో పోయకూడదు. పోస్తున్నారు, అది మీకూ తెలుసు నాకూ తెలుసు. ఇంట్లోవాళ్లకి ఎలా తెలుస్తుందంటే, పాలు తోడుకోవు. పెరుగు బ్యాక్టీరియాని కూడా ఆ మందు చంపేస్తుంది కాబట్టి. లైసిన్ స్టాఫ్‌ని మాత్రమే పట్టుకుంటే పెరుగుకి ఇబ్బంది ఉండదు కదా? పాలు పారబోసే బాధ తగ్గుతుంది. రైతుకి అదే ముఖ్యం.

ఇంకో సంగతి, కోళ్లకి, పశువులకి కోలిస్టిన్ 2019లో మన దేశంలో నిషేధించారు, మంచిదే. కానీ దాని బదులు ఏం వాడాలో మాకు ఎవరూ చేతిలో పెట్టలేదు.

#20 గోడపగులు

డాక్టర్ గారూ, మీరు చెప్పిన దారిలో చాలాకాలంగా పని జరుగుతోంది. 2005లో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు పాలలోనే లైసోస్టాఫిన్ వచ్చేలా జన్యువు మార్చిన జెర్సీ ఆవుల్ని చూపించారు. వాటికి స్టాఫ్ పొదుగువాపు బాగా తగ్గింది. రైతు దొడ్డిదాకా మాత్రం రాలేదు.

స్టాఫ్ తగ్గినట్టుండి మళ్లీ రావడానికి ఒక కారణం, అది పొదుగు కణాల లోపల దాక్కుంటుంది. 2016లో ఆ శాఖ పరిశోధకులే లైసోస్టాఫిన్, ఫేజ్ కే ఎండోలైసిన్ ముక్కలు కలిపి గోడని మూడు వేర్వేరు చోట్ల కోసే ఎంజైము కట్టి, దానికి కణంలోకి దూరే పెప్టైడు తగిలించారు. మూడు చోట్లా ఒకేసారి తప్పించుకోవడం బ్యాక్టీరియాకి కష్టం, కణం లోపలిదాన్ని కూడా అందుకోగలిగింది.

పెరుగు విషయంలో మీ ఊహ చాలావరకు సరైనదే, సరైన లైసిన్ ఎంచుకుంటే. అడ్డు ఎక్కడంటే పాలల్లోనే. కేసిన్ (పాల ప్రోటీను), కొవ్వు ఉన్నచోట చాలా ఎంజైముల పని తగ్గిపోతుంది. మనిషికి సీరం ఎలాగో, మీకు పాలు అలాగ.

#21 పాడివైద్యం

మరి పాలు పితకని కాలంలో, అంటే వట్టిపోయిన గేదెకి ఎక్కిస్తే? అప్పుడు పొదుగులో పాలు ఉండవు. మేం యాంటీబయాటిక్ కూడా అప్పుడే ఎక్కువ డోసులో వేస్తాం.

#22 గోడపగులు

ఇది మా మీటింగులో చెబుతాను. నిజంగా.

#23 మందులషాపు_ఖమ్మం

చాలా థాంక్స్ అందరికీ. నాకు అర్థమైనంతవరకు: కత్తి పదునైనదే, చేతికి పిడి ఇంకా కుదరలేదు. మా గ్రూపులో ఈ చర్చ లింకు పెట్టాను. వీడియో పెట్టినాయన "నెగటివిటీ" అన్నాడు.

#24 మైక్రో_సెకండియర్

సర్ ఒక్క డౌటు. మా కాలేజీలో ప్రాజెక్టు చేయాలి. ఇందులో మాలాంటివాళ్లు ల్యాబులో చేయగలిగింది ఏమైనా ఉందా? ఫేజులు, క్లోనింగు అంటే మాకు కుదరదు.

#25 గోడపగులు

ఉంది. కోడిగుడ్డు తెల్లసొన. అందులో లైసోజైమ్ ఉంటుంది, అదీ గోడ కోసే ఎంజైమే. ఫ్లెమింగ్ పెన్సిలిన్ కన్నా ముందే, 1922లో దీని గురించి ప్రకటించాడు.

గ్రామ్ పాజిటివ్‌కి మైక్రోకాకస్ లూటియస్, గ్రామ్ నెగటివ్‌కి ఈ.కోలై కే-12. రెండూ ప్రమాదం లేనివి, హాస్పిటల్ స్ట్రెయిన్లు ముట్టుకోవద్దు. ఫాస్ఫేట్ బఫరులో కలిపి మసక నీళ్లలా చేసుకో. లైసోజైమ్ వేసి అర నిమిషానికోసారి రీడింగు తీసుకో. మైక్రోకాకస్ మసక గబగబా తగ్గిపోతుంది, ఈ.కోలై అలాగే ఉంటుంది. ఇప్పుడు ఇంకో ఈ.కోలై ట్యూబులో, ఫాస్ఫేట్ బదులు పీహెచ్ 8 ట్రిస్ బఫరులో ఈడీటీఏ వేసి, అదే లైసోజైమ్ కలుపు. ఐసీయూ అక్క అడిగిన ప్రశ్న మొత్తం నీ ట్యూబులో కనిపిస్తుంది.

ఓపిక ఉంటే నాలుగో ట్యూబులో 20 శాతం చక్కెర కూడా వెయ్యి. గోడ తెగినా కణం వెంటనే పగలదు, ఎందుకంటే బయట కూడా ఒత్తిడి సమానంగా ఉంటుంది. ఎందుకో రికార్డులో నీ మాటల్లో రాయి.

#26 మైక్రో_సెకండియర్

మా దగ్గర స్పెక్ట్రోఫొటోమీటరు రిపేరులో ఉంది సర్. పాత కలరీమీటరు ఉంది, ఫిల్టర్లు 420, 540 ఉన్నాయి. నడుస్తుందా?

#27 గోడపగులు

నడుస్తుంది. ఇక్కడ రంగు కొలవడం లేదు, మసక కొలుస్తున్నాం. 420 అయితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అన్ని ట్యూబులకీ అదే ఫిల్టరు వాడు, రీడింగు తీసే ముందు ప్రతిసారీ ట్యూబు నెమ్మదిగా తిప్పు, లేకపోతే కణాలు అడుక్కి దిగి లైసోజైమ్ పనిచేసిందని మోసపోతావు. లైసోజైమ్ వేయని ట్యూబు ఒకటి పక్కన తప్పకుండా పెట్టుకో.